టెండర్ కాగితంలో లేని ప్రశ్న

హైదరాబాద్ శివారు పటాన్‌చెరు నీటి గురించి స్వీడన్ పరిశోధకులు 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయిపోయాక బయటికి వస్తున్న నీటిని వారు పరీక్షించారు. అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. రోజుకు 45 కిలోల ఆ మందు నీళ్లలో పోతోందని లెక్కగట్టారు. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే మందు అది. ఆ నీరు ఇసుకవాగులో కలిసి, నక్కవాగు మీదుగా మంజీరకు చేరేది.

పటాన్‌చెరు కాలుష్యంపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం 1990లోనే పడింది. కోర్టులు, కమిటీలు, కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలు... మన చర్చ అప్పటి నుంచీ వీటి చుట్టూనే తిరిగింది. ఆ మందులు కొంటున్నదెవరు, కొనేముందు ఏమి అడుగుతున్నారు అన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

ప్రభుత్వ కొనుగోళ్లలో చెల్లే మాట ‘ఎల్-1’. సాంకేతిక అర్హత ఉన్నవారిలో అందరికన్నా తక్కువ ధర వేసినవారికే ఆర్డరు. అధికారి ఇష్టానుసారం కట్టబెట్టకుండా ఆపే పద్ధతి కాబట్టి దాని అవసరాన్ని నేను తక్కువ చేయను. కానీ మురుగును శుద్ధి చేసిన తయారీదారు ఆ ఖర్చును ధరలో కలుపుకోక తప్పదు. వాగులోకి వదిలేసినవాడికి ఆ ఖర్చే లేదు. టెండర్ గెలిచేది ఈ రెండోవాడే.

1991లో కేంద్రం ఎకోమార్క్ తెచ్చింది. పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువులపై మట్టికుండ బొమ్మ వేస్తారు. ఆలోచన చక్కనిదే, కానీ ఆ గుర్తు తీసుకున్న కంపెనీలు అతి కొద్ది. కుండ బొమ్మ ఉంటే ఆర్డరు వస్తుందన్న భరోసా లేనప్పుడు పరీక్షలకూ ఫీజులకూ డబ్బు ఎవరు పెడతారు? అమెరికా ప్రభుత్వం 1993లో మరో దారి పట్టింది. తన కార్యాలయాలకు కొనే కాగితంలో కనీసం 20 శాతం వాడేసిన కాగితం నుంచి తీసిన గుజ్జే ఉండాలని ఆదేశించింది, తర్వాత దాన్ని 30 శాతం చేసింది. ప్రభుత్వ సంస్థలు పర్యావరణానికి మేలైన వస్తువులు కొనాలంటూ జపాన్ 2000లో ఏకంగా చట్టమే చేసింది. మన ఎకోమార్క్ పాత పథకం స్థానంలో కొత్త నియమాలు రావడానికి 2024 దాకా పట్టింది.

అయినా కొనేవాడి బలం ఎంతో మనకు తెలియనిది కాదు. 2014 జనవరిలో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఎల్‌ఈడీ బల్బును 310 రూపాయలకు కొన్నది. నాణ్యత ఇలా ఉండాలని ముందే చెప్పి, కోట్ల సంఖ్యలో టెండర్లు పిలవడంతో 2016 నాటికి అది 38 రూపాయలకు దిగింది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధి దీపాలు, ఆ తర్వాత హైదరాబాద్ వీధి దీపాలు ఎల్‌ఈడీలయ్యాయి.

బస్సుల కథ మన నగరానికి ఇంకా దగ్గరది. విద్యుత్ లైన్ల ఇన్సులేటర్లు చేసే హైదరాబాద్ కంపెనీ ఒకటి ఎలక్ట్రిక్ బస్సుల్లోకి దిగి, ఒలెక్ట్రా గ్రీన్‌టెక్‌గా పేరు మార్చుకుంది. 2019లో ఇక్కడి ఆర్టీసీకి 40 బస్సులు వచ్చాయి. ఎలక్ట్రిక్ వాహనాలకు కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఇప్పుడు నగరానికి కేటాయించినవి 2,000. పొగ రాని బస్సే కావాలని ఆర్టీసీలు అడగకపోతే ఇన్సులేటర్ల కంపెనీకి ఆ సాహసం చేసే అవసరమే ఉండేది కాదు.

మందుల విషయంలో అలా అడిగినవారు మనవాళ్లు కారు. 2019లో నార్వే ప్రభుత్వ ఆసుపత్రుల కొనుగోలు సంస్థ యాంటీబయాటిక్స్ టెండర్‌లో 30 శాతం మార్కులు పర్యావరణానికి కేటాయించింది. తయారీలో వచ్చే మురుగును ఏమి చేస్తున్నారో చూపించినవారికి, ధర కాస్త ఎక్కువైనా గెలిచే వీలు దొరికింది. 2022లో యాంటీబయాటిక్ తయారీదారుల కూటమి వ్యర్థజలాలకు తానే ఒక ప్రమాణం ప్రకటించింది.

ఇక్కడ మాత్రం అడుగు వెనక్కి పడింది. వ్యర్థజలాల్లో 121 యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది. 2021లో వచ్చిన తుది ఉత్తర్వులో ఆ పరిమితులు లేవు. యాంటీబయాటిక్స్ కలిసిన నీటిలో పెరిగే, మందులకు లొంగని సూక్ష్మజీవులు ముందుగా చేరేది ఆ వాగుల పక్కన ఉండే మనుషుల ఒంట్లోకి. అందుకే ఈ తొలగింపు నాకు మింగుడుపడదు.

పరిమితులు చట్టంలో లేకపోయినా టెండర్‌లో పెట్టడానికి అడ్డు లేదు. మన సర్కారు దవాఖానల టెండర్లు తయారీ నాణ్యత సర్టిఫికెట్, టర్నోవర్, ధర అడుగుతాయి. ఫ్యాక్టరీ గేటు దాటే నీటిలో మందు ఎంత మిగిలిందన్న పరీక్ష నివేదికను ఆ జాబితాలో చేర్చవచ్చు. చిన్న యూనిట్లు నలిగిపోతాయన్న భయం నిజమే కాబట్టి మొదటి రెండేళ్లు దాన్ని అనర్హతగా కాక, పది మార్కుల అంశంగా ఉంచవచ్చు. ఎంత మిగిలితే ప్రమాదం అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, కొనుగోలుదారులూ వాటిని వాడుకోవచ్చు.