భయం పేరు పైకి పలికితే

"నాకు భయంగా ఉంది" అని పైకి అంటే భయం మరింత పెరుగుతుందని మనలో చాలామంది నమ్ముతారు. పిల్లలు బెదిరితే "ఏం లేదు, ఏం లేదు" అని ఊరుకోబెట్టడం కూడా అందుకే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కిర్కాన్‌స్కీ, లీబర్‌మన్, క్రాస్క్ అనే పరిశోధకులు చేసి 2012లో ప్రచురించిన ప్రయోగం చూస్తే, ఆ నమ్మకం తలకిందులనిపిస్తుంది.

సాలీడు పేరు చెబితేనే హడలిపోయే 88 మందిని నాలుగు జట్లుగా చేసి, బతికున్న టరాంటులా అనే పెద్ద సాలీడు ఎదుట నిలిపారు. మొదటి జట్టువారు "ఈ అసహ్యమైన సాలీడు నా మీదికి దూకుతుందేమోనని భయంగా ఉంది" అన్నట్టుగా, తమకు కలుగుతున్నదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. రెండో జట్టువారు అదేమీ చేయదని తమకు తామే సర్దిచెప్పుకోవాలి, మూడో జట్టువారు సంబంధం లేని మాటేదో మాట్లాడాలి, నాలుగో జట్టువారు మాట్లాడనక్కర్లేదు. వారం తర్వాత మళ్లీ సాలీడు దగ్గరికి రప్పించి చేతుల చెమటను కొలిచినప్పుడు, మిగతా జట్లకంటే మొదటి జట్టువారికే తక్కువ పట్టింది. వారిలోనూ భయాన్ని సూచించే మాటలు ఎక్కువగా వాడినవారికి ఎక్కువ మేలు జరిగింది. ఇందులో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచిన సంగతి వేరు: ఎంత భయం వేసిందని అడిగితే, జట్ల జవాబుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒళ్లు కుదుటపడిన సంగతి మనసుకు ఇంకా అందలేదన్నమాట.

2007లో లీబర్‌మన్ బృందమే జరిపిన మెదడు స్కానింగులో దీనికి కొంత వివరణ దొరికింది. కోపమో భయమో కనిపించే ముఖాల ఫొటోలకు ఆ భావం పేరు ఎంచుకున్నప్పుడు, అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగం నెమ్మదించి, కుడి నుదుటి వెనుక దిగువ భాగం చురుకైంది. అదే ముఖానికి మనిషి పేరు ఎంచుకుంటే అమిగ్డలా అంతగా నెమ్మదించలేదు.

అంటే ఏదో ఒక మాట అనేస్తే చాలదు, భావానికి తగిన మాట కావాలి. ఈ విషయంలో తెలుగుకు కరువేమీ లేదు: బెంగ, దిగులు, బెరుకు, గాభరా, కంగారు, దడ, వేటి జాగా వాటిదే. వాటన్నిటినీ ఇప్పుడు "టెన్షన్" ఒక్కటే మింగేస్తోంది. హాస్టల్లో చేరిన పిల్లవాడు ఫోన్లో "టెన్షన్‌గా ఉందమ్మా" అన్నప్పుడు, "ఇంటి మీద బెంగ పెట్టుకున్నావా నాన్నా, పరీక్షలంటే బెదురా?" అని తల్లి అడిగితే, వాడు కాసేపు ఆగి, ఆలోచించి జవాబు చెప్పాల్సి వస్తుంది.