పామాయిల్, ఒరాంగుటాన్, కంపెనీల హామీలు: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో చిరుతిళ్లు తయారుచేసే కంపెనీకి నూనెలు కొనే పని నాది. కారబూందీ, మిక్చర్, బిస్కెట్ ఏది చేయాలన్నా పామోలిన్ కావాల్సిందే. అది కృష్ణపట్నం రేవు దగ్గరి రిఫైనరీ నుంచి ట్యాంకర్లలో వస్తుంది. అక్కడికి ముడి నూనె ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో దిగుతుంది. ఒరాంగుటాన్ అనే పెద్ద వానరాలు అడవిలో బతికేది కూడా ఆ రెండు దేశాల్లోనే. పామాయిల్ తోటల కోసం అడవి కొట్టేస్తే వాటికి ఉండే చోటు పోతుంది. అందుకే "ఒరాంగుటాన్ రక్షణకు కట్టుబడి ఉన్నాం" అని ఏ కంపెనీ ప్రకటించినా నేను చివరిదాకా చదువుతాను. మా లైన్‌లో తరచూ వినబడే కొన్ని మాటల గురించి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఎక్కడో దీవుల్లోని కోతులు, మనకేం సంబంధం?

వాస్తవం: ఒరాంగుటాన్ కోతి కాదు. తోక ఉండదు. చింపాంజీ, గొరిల్లాల్లాగే మహావానరం. బోర్నియో దీవిలో ఒక జాతి, సుమత్రా దీవిలో రెండు జాతులు ఉన్నాయి. సుమత్రాలోని తపానులి జాతిని శాస్త్రవేత్తలు వేరుగా గుర్తించిందే 2017లో. అవి 800 లోపే మిగిలాయి. మూడు జాతులూ అంతరించే ప్రమాదం అంచున ఉన్నాయి. తల్లి ఒక పిల్లను కన్నాక మళ్లీ కనడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. కాబట్టి కొద్దిపాటి తల్లులు చచ్చిపోయినా ఆ గుంపు మళ్లీ కోలుకోవడం చాలా కష్టం. ఇక సంబంధం అంటారా, ప్రపంచంలో పామాయిల్ అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే. బేకరీ పఫ్‌లో, వనస్పతిలో, స్నానం సబ్బులో అదే ఉంటుంది.

అపోహ: పామాయిల్ మానేస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: హెక్టారు పామాయిల్ తోట ఏడాదికి మూడు టన్నులకు పైగా నూనె ఇస్తుంది. సోయా అర టన్ను దగ్గరే ఆగిపోతుంది. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసే అనంతపురం రైతుకు ఎకరం నుంచి ఎంత నూనె వస్తుందో నేను చెప్పక్కర్లేదు. అంత నూనెనూ వేరే పంటతో తీయాలంటే ఎన్నో రెట్లు భూమి కావాలి, ఆ భూమి కోసం ఇంకో దేశంలో అడవి పోతుంది. తప్పు చెట్టుది కాదు, దాన్ని ఎక్కడ నాటారన్నదే అసలు విషయం. మన గోదావరి జిల్లాల పామాయిల్ సాగు భూముల్లో పండేదే, దానికీ ఒరాంగుటాన్‌కూ లంకె లేదు. (ఆ తోటలు తాగే నీళ్ల సంగతి వేరే చర్చ. రాయలసీమవాడిగా అది నాకు చాలా ముఖ్యమైన చర్చే.)

అపోహ: సర్టిఫికెట్ ఉందంటే ఆ డబ్బాలో నూనె అడవి నరకని తోటదే.

వాస్తవం: జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 2004లో మొదలైన ఆర్‌ఎస్‌పీఓ అనే అంతర్జాతీయ సంస్థ, అడవికీ జనానికీ హాని తగ్గేలా పామాయిల్‌కు నియమాలు పెట్టింది. వాటిని పాటించే తోటలకు, మిల్లులకు తనిఖీ సంస్థలు సర్టిఫికెట్లు ఇస్తాయి. అయితే అందులో రకాలున్నాయి. ఒకటి, ఫలానా మిల్లు నూనెను దేనితోనూ కలపకుండా చివరిదాకా విడిగా తెచ్చేది. రెండు, సర్టిఫైడ్ తోటల నూనెలను మాత్రమే ఒకదానితో ఒకటి కలిపేది. మూడు, మాస్ బ్యాలెన్స్: సర్టిఫైడ్ నూనె, మామూలు నూనె ఒకే ట్యాంకులో కలుస్తాయి, సర్టిఫైడ్ సరుకు ఎంత కొన్నారో లెక్కలో అంతే చూపిస్తారు. నాలుగు, క్రెడిట్లు: నూనె ఎక్కడిదైనా సరే, సర్టిఫైడ్ రైతుకు డబ్బు చేరుతుంది.

డీలర్ "సర్టిఫైడ్ సరుకే సార్" అంటాడు. నేను ఇన్‌వాయిస్ తిప్పి చూస్తా. సర్టిఫైడ్ సరుకైతే సర్టిఫికెట్ నంబరు, పక్కనే ఏ రకమో రాసి ఉండాలి. అక్కడ మాస్ బ్యాలెన్స్ అని ఉంటే ఆ నూనెలో ఏ తోట కాయ ఉందో ఎవరూ చెప్పలేరు. మాస్ బ్యాలెన్స్ మోసం అని నేను అనను, మంచి తోటలకు గిరాకీ తెస్తుంది. కానీ దాన్ని కొని ప్యాకెట్ మీద ఒరాంగుటాన్ బొమ్మ వేసి "అడవికి హాని లేని నూనె" అని రాస్తే మాత్రం అది అబద్ధమే.

అపోహ: 'అడవి కొట్టేయం' అని పాలసీ రాస్తే చాలు.

వాస్తవం: 2013 చివర్లో విల్మర్ అనే పెద్ద వ్యాపార సంస్థ అడవి కొట్టేయం, పీట్ నేల (కుళ్లిన ఆకులలముతో ఏర్పడిన చిత్తడి నేల) తవ్వం, మనుషులను దోచుకోం అని ప్రకటించింది. తర్వాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. అది మంచి అడుగే. చిక్కల్లా కాయ దగ్గర ఉంది. గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరాలి, లేదంటే నూనె నాణ్యత పడిపోతుంది. అందుకే మిల్లు పేరు తెలిస్తే, ఏ చుట్టుపక్కల తోటల కాయో సుమారుగా తెలుస్తుంది. కానీ ఇండోనేషియాలో తోటల విస్తీర్ణంలో నూటికి నలభై దాకా చిన్న రైతులదే. వాళ్ల కాయ దళారీల చేతులు మారి మిల్లుకు వస్తుంది. మిల్లు దాకా ఆచూకీ చెప్పి, తోట దాకా చెప్పని కంపెనీ హామీ సగమే. మిల్లుల జాబితా అందరికీ కనిపించేలా పెట్టిందా, శాటిలైట్‌లో అడవి కొట్టేసిన జాడ కనబడితే కొనుగోలు ఆపిందా, చిన్న రైతులకు సాయం చేసిందా, నేను చూసేవి ఇవే.

అపోహ: అనాథ ఒరాంగుటాన్ పిల్లలను దత్తత తీసుకుంటే బాధ్యత తీరినట్టే.

వాస్తవం: ఆ పిల్లలను సాకే కేంద్రాలు కావాలి, వాటికి విరాళాలూ ఇవ్వాలి. కానీ పిల్ల అనాథ అయ్యిందంటే తల్లిని చాలాసార్లు మనిషే చంపి ఉంటాడు. చాలా ఒరాంగుటాన్‌లు రక్షిత అడవుల బయటే, కలప కంపెనీల, తోటల చుట్టూ బతుకుతున్నాయి. ఉన్న అడవి ముక్కలను కలిపి ఉంచడమే అసలు పని.

అపోహ: మనలాంటి చిన్నవాళ్లు అడిగితే ఎవరు వింటారు?

వాస్తవం: అడిగితే వింటారు, అడగకపోతే డీలర్‌కు ఆ ఊసే ఉండదు. ఆదోని, నంద్యాల, తాడిపత్రిలో బేకరీలు, మిక్చర్ బట్టీలు నడిపే అన్నలు తర్వాతి లోడ్‌కు మూడు అడగండి: సర్టిఫికెట్ నంబరు, ఏ రకం, రిఫైనరీ ఏ మిల్లుల నుంచి కొంటోంది. నంబరు చెప్తే ఆర్‌ఎస్‌పీఓ వెబ్‌సైట్‌లో అది చెల్లుతుందో లేదో అప్పటికప్పుడే చూసుకోవచ్చు.