రేపు అరువు

‘నేడు నగదు – రేపు అరువు’. కిరాణా కొట్లో ఈ బోర్డు చూసి నవ్వుకోని వాళ్లుండరు. రేపు వెళ్లినా అది అదే మాట చెబుతుంది మరి. కానీ ‘రేపు కొనిస్తాలే’ అన్నది ఒక్కసారీ నిజం కాని ఇంట్లో పెరిగినవాళ్లకు అందులో జోకేమీ కనిపించదు.

సెలెస్ట్ కిడ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒకప్పుడు ఇల్లు లేని కుటుంబాలు తలదాచుకునే శిబిరంలో పనిచేసింది. చేతిలో ఉన్నది ఎప్పుడు ఎవరు లాక్కుంటారో తెలియని పిల్లలు అక్కడ. వీళ్లకో మిఠాయి ఇచ్చి ‘ఆగితే ఇంకోటి’ అంటే ఆగుతారా అనిపించిందామెకు. తర్వాత రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. ముందు వాడిపడేసిన క్రేయాన్లు ఇచ్చి, కాస్త ఆగితే మంచివి తెస్తామన్నారు. సగం మందికి తెచ్చారు. మిగతా వాళ్లకు ‘సారీ, పొరపాటు పడ్డాం, వేరేవి లేవు’ అన్నారు. స్టిక్కర్లతోనూ అదే తంతు. ఆ తర్వాత మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి ఒకటి ముందు పెట్టి, మేం వచ్చేదాకా తినకుంటే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్న పెద్దవాళ్లను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్లను చూసిన పిల్లలు 3 నిమిషాలే. రెండుసార్లు మోసపోయి మూడోసారి ఆగకపోవడం తెలివితక్కువతనమా? నేనైతే తెలివే అంటాను.

ఇలా ఆగగలిగిన పిల్లలే పెద్దయ్యాక బాగుపడతారని చాలాకాలం చెప్పుకున్నారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితిని, పసితనంలోని తెలివితేటలను కూడా లెక్కలో వేసేసరికి ఆ సంబంధం మూడింట రెండు వంతులు తగ్గిపోయింది.

సరే, ఆ పిల్లలకే డెబ్బై ఏళ్లొస్తే? వయసు మీదపడేకొద్దీ కొత్త లెక్కను అప్పటికప్పుడు తేల్చే చురుకు తగ్గుతుంది. షికాగోలోని రష్ వైద్య కేంద్రం వాళ్లు 2012లో చూపించిందీ ఇదే: మతిమరుపు జబ్బు లేనివాళ్లలో కూడా బుర్ర కొద్దిగా మందగిస్తే చాలు, డబ్బు, ఆరోగ్యం విషయాల్లో నిర్ణయాలు తడబడతాయి. అనుభవం, అలవాటు మాత్రం అంత తొందరగా చెదరవు. అంటే ముసలితనంలో ఖర్చుపెట్టేది పాత నిల్వ. అందులో బడి ఎంత, ఆకలి ఎంత, మాట తప్పినవాళ్లు ఎందరు అన్నది చాలావరకు పుట్టిన ఇంటిని బట్టే.

2004లో అమెరికాలో యాభై దాటినవాళ్లను ఇలా అడిగారు: 2 శాతం వడ్డీకి 100 డాలర్లు దాస్తే ఐదేళ్లకు 102 కంటే ఎక్కువవుతాయా, తక్కువా, సరిగ్గా అంతేనా? ఇలాంటివే మొత్తం మూడు ప్రశ్నలు. మూడూ సరిగ్గా చెప్పినవాళ్లు మూడింట ఒక వంతే. చదువు తక్కువైనవాళ్లే ఎక్కువగా తప్పారు.

ఇదే మా అమ్మమ్మను అడిగి ఉంటే? బడి గడప తొక్కలేదు గానీ మన ఊళ్లలో నూటికి రెండంటే నెలకు రెండని ఆవిడకు తెలుసు. కాగితం లేకుండా ఐదేళ్ల వడ్డీ నూట ఇరవై, అసలుతో రెండొందల ఇరవై అని తేల్చేసేది. వాళ్ల పేపర్లో అది కూడా ‘102 కంటే ఎక్కువ’ కిందికే వస్తుంది. కాకపోతే జవాబు చెప్పే ముందు ఆవిడ ఇంకోటి అడిగేది: “ఇంతకీ ఆ వంద ఎవడి చేతిలో పెడుతున్నావే?”