కరువులో వచ్చిన సర్కారు మళ్లీ పోలేదు

పొగాకు వేలంలో బయ్యర్లు వరసగా నడుచుకుంటూ వస్తారు, బేలులోంచి రెండు ఆకులు లాగి నలిపి చూసి, రేటు చెప్పకుండా ముందుకెళ్లిపోతారు. అంతే, నోబిడ్. మా మామయ్య ఒకే బేలును మూడుసార్లు ఇంటికి తిప్పి తెచ్చాడు, బండి కిరాయి మాత్రం మూడుసార్లూ ఆయనదే.

2020లో కరోనా దెబ్బకు ఆకు పేరుకుపోతే రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ప్రభుత్వం తరఫున వేలంలోకి దిగి, కంపెనీలతో పాటు కొన్నది. ప్రభుత్వం పొగాకు కొనడమేంటని నాకూ వింతగానే అనిపించింది. కానీ వెనక్కెళ్లి చూస్తే, కష్టకాలంలో సర్కారు దిగడం ప్రకాశం, నెల్లూరు వైపు పాత సంగతే.

1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రభుత్వం సొంతంగా ధాన్యం కొనబోతే, వ్యాపారుల పనిలో వేలు పెట్టొద్దని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం అడ్డుపడింది! ఆ తర్వాత లిట్టన్ పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. పౌనంటే అర కిలో కూడా కాదు, దాంతో మట్టి మొయ్యాలి. మన తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువకు మద్రాసు ఊళ్లో ఉన్న ముక్కను తవ్వింది అలాంటి కూలీలే. లక్షల మంది పోయాక 1878లో కమిషన్ వేసి, 1880 నాటి దాని నివేదికలో కరువొస్తే పని చూపించడం సర్కారు బాధ్యతేనని రాసుకున్నారు. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినా, మా ఊళ్లో దాన్ని ఇప్పటికీ 'కరువు పని' అనే అంటారు.

రేషనూ అంతే, రెండో ప్రపంచ యుద్ధం నాటి కొరతలో మొదలై ఇంట్లో మనిషిలా ఉండిపోయింది. 2020లో మూడు నెలలకని మొదలుపెట్టిన ఉచిత బియ్యం మాత్రం ఆగిందా?

పొగాకులో 1976లో బోర్డు వచ్చింది, 1980లలో వేలం వచ్చింది, ఆకు కాల్చే బ్యారన్‌కు లైసెన్సు, ఎంత పండించాలో లెక్క. నల్లబర్లీ అనే రకం పొగాకు ఈ లెక్కల్లో లేదు, కంపెనీలూ రైతులూ చూసుకునేవాళ్లు. 2025లో కంపెనీలు మొహం చాటేసేసరికి పర్చూరు, ఇంకొల్లు వైపు రైతులు రోడ్డెక్కారు, మళ్లీ మార్క్‌ఫెడ్డే దిగింది. కొనడంతో ఊరుకోలేదు, మరుసటి ఏడాది నల్లబర్లీ వెయ్యొద్దని కూడా ప్రభుత్వం చెప్పింది.