తాళం చేతికివ్వకముందే

మైనర్ నడిపిన బండి ప్రాణం తీసిన ప్రతిసారీ అదే వాదన లేస్తుంది: శిక్ష పిల్లాడికా, కన్నవాళ్లకా? 2024 మేలో పుణెలో పోర్షే కారు ఇద్దరిని బలి తీసుకుంది. నడిపిన 17 ఏళ్ల కుర్రాడిని పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల వినతిని 2025 జూలైలో మైనర్ల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు తోసిపుచ్చడంతో ఆ వాదన మళ్లీ రాజుకుంది. ఢిల్లీ నిర్భయ ఘటన, దాని వెంట, 16 దాటిన మైనర్లను ఘోర నేరాల్లో పెద్దవాళ్లలా విచారించే వీలిస్తూ వచ్చిన 2015 జువైనల్ జస్టిస్ చట్టం అందరికీ గుర్తున్నవే. పిల్లల దారి తప్పడానికి మూలం ఇంట్లో వెతికే అసలు మలుపు మాత్రం అంతకుముందే, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో వచ్చింది.

అక్కడ మనస్తత్వవేత్త జెరాల్డ్ పాటర్సన్ బృందం, మాట వినని పిల్లలున్న ఇళ్లకే వెళ్లి కూర్చుంది. ఎవరేమన్నారో, ఎదుటివాళ్లేం చేశారో అప్పటికప్పుడు రాసుకుంది. చూసినవన్నీ మామూలు ఇంటి గొడవలే. అమ్మ పుస్తకం తియ్యమంటుంది. వాడు విసుక్కుంటాడు. ఆమె గొంతు పెంచుతుంది. వాడు చేతిలోది విసిరికొడతాడు. ‘సరే, నీ ఇష్టం’ అని ఆమె తగ్గుతుంది, ఇల్లు సద్దుమణుగుతుంది. అరిస్తే పని జరుగుతుందని వాడికి, వదిలేస్తే గొడవ ఆగుతుందని ఆమెకు అలవాటవుతుంది. ఏళ్ల తరబడి రోజూ ఇదే. ఆ అలవాటుతోనే వాడు బడికి వెళ్తాడు. తోటిపిల్లలు దూరం పెడతారు, చివరికి తనలాంటివాళ్లే జతకడతారు. 1982లో పాటర్సన్ దీన్నంతా పుస్తకంగా తెచ్చారు.

చెడగొట్టేది స్నేహాలేననీ, వయసు దాటితే సర్దుకుంటారనీ అనేవాళ్లూ ఉన్నారు. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో వెయ్యిమందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచీ గమనిస్తున్న అధ్యయనం, చాలామంది విషయంలో అది నిజమేనంది. తప్పుడు పనులు చిన్నప్పుడే మొదలుపెట్టి పెద్దయ్యాకా మానని కొద్దిమంది వెనుక మాత్రం, పుట్టుకతో వచ్చిన ఇబ్బందులతో పాటు ఇంటి కష్టాలూ కనిపించాయి.

మన దగ్గర ఇల్లు గుర్తొచ్చేది తాళం చెవి దగ్గరే. మైనర్లకు బండి ఇచ్చిన కొందరు తండ్రులను 2018లోనే హైదరాబాద్ కోర్టులు జైలుకు పంపాయి. 2019 మోటారు వాహనాల సవరణ ఆ శిక్షను మూడేళ్ల దాకా పెంచి, 25,000 రూపాయల జరిమానా చేర్చింది. పుణె కేసులో కొడుకు రక్త నమూనా మార్పించారన్న ఆరోపణపై తల్లిదండ్రులిద్దరినీ అరెస్టు చేశారు. ఆ ఆరోపణే నిజమైతే, అది కూడా ‘సరే, నీ ఇష్టం’ అనడమే.

పాటర్సన్ బృందం వైద్యం తల్లిదండ్రులతో మొదలయ్యేది: ఎక్కడ తగ్గకూడదో, గొంతు పెంచకుండా ఎలా నిలబడాలో నేర్పేవారు. పిల్లాడితో పాటు కన్నవాళ్లకూ కౌన్సెలింగ్ ఇప్పించే అధికారం 2015 చట్టంలోని 18వ సెక్షన్ బోర్డుకు ఇచ్చింది. శిక్ష ఎవరికన్న ఈ గొడవలో ఆ సెక్షన్ ఊసు ఇరుపక్షాలూ ఎత్తడం లేదు.