నెలకో భాగం కొని దాచుకుంటే లాభమా? తొలి కంప్యూటర్ బిగించుకునేవారి అపోహలు, వాస్తవాలు

అపోహ: తగ్గింపు కనిపించినప్పుడల్లా ఒక్కో భాగం కొని దాచుకుంటే, ఆరు నెలల్లో తక్కువ ఖర్చుతో కంప్యూటర్ సమకూరుతుంది.

వాస్తవం: కంప్యూటర్లు బిగించడమే నా పని కాబట్టి ఈ మాట ప్రతి నెలా వింటాను, విన్న ప్రతిసారీ విసుగే వస్తుంది. భాగాలన్నీ అమరే పలక అయిన మదర్‌బోర్డు పనిచేస్తుందో లేదో తెలియాలంటే ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై మూడూ చేతిలో ఉండాలి. అవి వచ్చేదాకా బోర్డు అటక మీదే ఉన్నా, వారంటీ మాత్రం సాధారణంగా బిల్లు మీది తేదీ నుంచే కరిగిపోతూ ఉంటుంది. వస్తువును వెనక్కి తీసుకునే గడువు అంతకన్నా ముందే ముగిసిపోతుంది.

ఒక కుర్రవాడు ఎనిమిది నెలలు ఓపికగా కూడబెట్టిన భాగాలన్నీ నా బల్ల మీద పరిచాడు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మూత తీసి భూతద్దంతో చూస్తే, ఒక మూల రెండు పిన్నులు పక్కకు వాలి ఉన్నాయి. తాను ఆ మూత ముట్టుకోనేలేదని అతను అన్నాడు, నేను నమ్మాను, అమ్మినవారు నమ్మలేదు. కొన్న వారంలోనే చూసుకుని ఉంటే వాదించడానికైనా వీలుండేది.

పొంతన కుదరకపోవడం మరో బెడద. 2021లో వచ్చిన ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లకు డీడీఆర్4 రకం ర్యామ్ పట్టే బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 రకం పట్టే బోర్డులూ ఉన్నాయి. నేనే ఒకసారి చౌకగా దొరికిందని డీడీఆర్4 ర్యామ్ ముందే కొని, తర్వాత తెచ్చిన డీడీఆర్5 బోర్డులో పెట్టబోతే గాడి ఒక పిసరు పక్కకు ఉండి దిగనే లేదు. అలాగే ఏఎండీ ప్రాసెసర్లకు చేసిన బీ450 బోర్డు పాత నిల్వలోదైతే, బయాస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) మార్చేదాకా ఏఎండీ రైజెన్ 5000 ప్రాసెసర్‌ను గుర్తించదు.

కాబట్టి భాగాలను కాక డబ్బును కూడబెట్టండి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై ఒకే వారంలో కొనండి. మానిటర్, కీబోర్డు విడిగా పరీక్షించుకోగలిగినవే కనుక ముందే కొన్నా నష్టం లేదు. తెర మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ సదుపాయం ప్రాసెసర్‌లోనే ఉంటే గ్రాఫిక్స్ కార్డును చివరికి వాయిదా వేయవచ్చు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవాటిలో మాత్రం ఆ సదుపాయం ఉండదు.

అపోహ: ఆగేకొద్దీ ధర తగ్గుతుంది.

వాస్తవం: తగ్గవచ్చు, పెరగనూవచ్చు. 2011లో థాయ్‌లాండ్ వరదలకు హార్డ్‌డిస్కుల ధరలు, 2021లో క్రిప్టో మైనింగ్‌కు చిప్పుల కొరత తోడై గ్రాఫిక్స్ కార్డుల ధరలు, 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఎగబాకాయి. కొత్త తరం వస్తుందన్న పుకార్లకు అంతు లేదు, వాటిని పట్టించుకోకండి. రేపు ధర పడిపోతే ఎలా అని నిద్ర పట్టనివారి బాధ నాకు అర్థమవుతుంది. మీకు కావలసిన పనికి సరిపడే భాగాలన్నింటికీ డబ్బు సమకూరిన రోజే కొనుగోలుకు సరైన రోజు.

అపోహ: పవర్ సప్లై ఏదైనా ఒకటే, మిగిలిన డబ్బుతో కొనవచ్చు.

వాస్తవం: కాదు. దాని ఖర్చు ముందే పక్కన పెట్టండి.

భాగాలు చేతికందిన రోజే, కేబినెట్‌లో బిగించకముందే, బోర్డును దాని అట్టపెట్టె మీద ఉంచి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ మాత్రమే అమర్చి (ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు కూడా), పవర్ సప్లై, మానిటర్ తగిలించి, బయాస్ తెర వచ్చేదాకా చూడండి. రాకపోతే అన్నీ తిరిగి అదే పెట్టెల్లో సర్ది, బిల్లుతో సహా మర్నాడే దుకాణానికి తీసుకెళ్లండి.