పాత జీప్ ఏఎక్స్-15 గేర్‌బాక్స్: అపోహలు - వాస్తవాలు

"గేర్‌బాక్స్ పోయింది" అంటూ నా దగ్గరికి వచ్చిన పాత రాంగ్లర్, చెరోకీ జీపుల్లో చాలావాటికి నేను గేర్‌బాక్స్ విప్పనే లేదు. జపాన్‌కు చెందిన ఐసిన్ తయారుచేసిన ఈ ఐదు గేర్ల పెట్టె గట్టిది. దాని చుట్టూ ఉన్న చిన్న భాగాలే ముందు పోతాయి.

అపోహ: గేర్ రాడ్ ఊగుతోందంటే లోపల గేర్లు అరిగినట్టే.

వాస్తవం: ముందు రాడ్ అడుగున ఉండే ప్లాస్టిక్ కప్పు చూడండి. రబ్బరు బూట్లు జరిపి, కాలర్‌ని కిందికి నొక్కి తిప్పితే రాడ్ పైకి వచ్చేస్తుంది. మొన్న ఒక బండిలో ఆ కప్పు పట్టుకోగానే నా వేళ్ల మధ్య పొడైపోయింది. కొత్తది వేశాక, మూడో గేరు కోసం వెతుక్కునే బాధ తప్పింది.

అపోహ: ఆ కాలం జీపుల్లో గేర్‌బాక్స్ ఒక్కటే.

వాస్తవం: కాదు. 4.0 లీటర్ల ఇంజిన్‌కి 1989లో ప్యూజో బీఏ-10/5 స్థానంలో ఏఎక్స్-15 వచ్చింది. 2000 మోడల్ నుంచి ఎన్‌వీ3550 వేశారు. సామాన్లు కొనేముందు ఏది ఉందో తేల్చుకోండి.

అపోహ: గేర్ ఆయిల్ రకాల్లో జీఎల్-3 కంటే జీఎల్-5 పెద్ద నంబరు, కాబట్టి మంచి ఆయిల్.

వాస్తవం: ఈ ఒక్క పొరపాటు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జీఎల్-5 ముఖ్యంగా డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో చక్రాలకు శక్తిని పంచే గేర్లు) కోసం చేసిన ఆయిల్. అందులో ఎక్కువగా కలిపే గంధకం, భాస్వరం రసాయనాలు వేడికి ఇత్తడి సింక్రో రింగులను (గేరు పడేముందు వేగాలను కలిపే రింగులు) తినేయగలవు. పైగా రింగు గేరును పట్టి ఆపాల్సిన చోట జారిపోతుంది, గేరు గరగరమంటుంది. దీనికి కంపెనీ చెప్పింది 75డబ్ల్యూ-90 జీఎల్-3. ఆయిల్ దించేముందు ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం బిరడా) ఊడుతుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోతే, ఖాళీ అయిన గేర్‌బాక్స్‌తో బండి అక్కడే ఉండిపోతుంది.

అపోహ: గట్టి గేర్‌బాక్స్ కదా, రాళ్ల దారికి ఇది చాలు.

వాస్తవం: దీని అసలు లోటు ఇక్కడే. మొదటి గేరు నిష్పత్తి 3.83. యాక్సిల్ గేర్ల నిష్పత్తి 3.07 ఉన్న బండిలో, దాన్ని లో రేంజ్ (ఫోర్ వీల్ డ్రైవ్‌లో నెమ్మదిగా, బలంగా లాగే గేరు) 2.72తో, ఆ 3.07తో గుణిస్తే దాదాపు 32, అంటే ఇంజిన్ 32 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. పెద్ద రాళ్ల మీద పాకడానికి ఇది తక్కువే. ఆ లోటును క్లచ్ సగం నొక్కి పూడ్చుకుంటే ప్లేటు కాలిపోతుంది. యాక్సిల్ గేర్లు మార్చుకోవడం మేలు.

అపోహ: గేరు పడకపోతే సింక్రోలు పోయినట్టే.

వాస్తవం: ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూడండి. అప్పుడు హాయిగా పడి, ఇంజిన్ నడుస్తుంటే మొరాయిస్తే, క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. 1993 వరకు వచ్చిన బండ్లలో క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ నొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే భాగం) బెల్ హౌసింగ్, అంటే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే గుల్ల, లోపలే ఉంటుంది. అది కారితే గేర్‌బాక్స్ దించక తప్పదు. దించిన రోజే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు కూడా మార్చేయండి.